మోకు మీద ఉయ్యాల

నిడుగల్లు,
11 అక్టోబరు 1946

చిరంజీవి చిక్కన్నకు, నీ అక్క మొగుడు నరసింహప్ప దీవెనలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని మీ నాయన నాకు నేర్పాడు. కానీ నా కుశలం ఇంకా సగమే కాబట్టి ఆ మాట సగమే చెల్లుతుంది. మిగతా సగం నువ్వే బెంగళూరులో కూర్చుని పూర్తి చేసుకో.

ఇల్లు చేరాం. రైలు హిందూపురం దాకా బాగానే తెచ్చింది. అక్కణ్నుంచి పావగడ బస్సు సంగతి నీకు తెలిసిందే, బొగ్గు మంట వేసుకుని మనకంటే ఎక్కువగా దగ్గుతుంది. గుంత వచ్చినప్పుడల్లా మీ అక్క ఈరక్క తన రెండు చేతులూ నా నడుం కింద పెట్టింది. పావగడ నుంచి ఎద్దులబండిలో రాగిగడ్డి పరిచి పడుకోబెట్టారు. ఊరి మొదట్లో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. పడుకుని వచ్చేవాడు పోయినవాడే అని వాళ్ల లెక్క. నేను తలెత్తి, "ఇంగా ఉండాను లేప్పా" అన్నాక ఎవరి దారిన వాళ్లు పోయారు. కొందరి ముఖాల్లో కాస్త నిరాశ కూడా కనిపించింది.

ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుప బద్దల పట్టీకి మీ అక్క జీను అని పేరు పెట్టింది. పొద్దున బిగిస్తుంది, సాయంత్రం విప్పుతుంది. చూడవచ్చిన ప్రతివాళ్లకూ చొక్కా ఎత్తి కోత చూపించాలి. వెన్నుపూసల మధ్య గుజ్జు జారి కాలి నరాన్ని నొక్కిందనీ, దాన్ని తీసేశారనీ నువ్వు చెప్పిందే నేను అందరికీ చెప్తున్నాను. ఎవరూ నమ్మరు. పక్కింటి పెద్దక్క అయితే ఎదురుకాళ్లతో పుట్టిన తన మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది, అటువంటి పిల్ల ఒక్క తన్ను తంతే నడుం పట్టు వదులుతుందట. మీ అక్క చీపురు తీసింది. చెప్పకూడదు గానీ, రెండేళ్లుగా పిర్ర నుంచి మడమ దాకా మండిన కాలు ఇప్పుడు మండడం లేదు చిక్కన్నా.

ఇక అసలు సంగతి. పంపించేటప్పుడు పెద్ద డాక్టరు గారు డిసెంబరు వచ్చేదాకా వంగొద్దు, బరువు ఎత్తొద్దు, నడుం అదరనివ్వొద్దు అన్నారు. ఆ తర్వాత పనిలోకి ఎప్పుడు పోవచ్చని అడిగితే, ఏం పని చేస్తావని తిరిగి అడిగారు. తెల్లకోటు ముందు నాకు నోరు పెగలక, సేద్యం అన్నాను. ఆయన నవ్వారు. సేద్యంలో వంద పనులుంటాయి, నువ్వు చేసేదేమిటో సరిగ్గా తెలిస్తేనే నేను సరిగ్గా చెప్పగలను, గడువయ్యాక మీ మనిషి ఎవరైనా వచ్చి వివరంగా చెప్పాలి అన్నారు. ఆ మనిషివి నువ్వే. నాకు తెలియవలసింది ఒక్కటే. మన బావి మీద ఎద్దులను కట్టి, నీళ్లు తోడే కపిల మళ్లీ ఎప్పుడు తోలొచ్చు?

ఇంత ఆత్రం దేనికంటావేమో. నువ్వు పట్నం పోయాక మీ నాయన నన్ను ఇల్లరికం తెచ్చుకున్నదే కపిల తోలే మనిషి కావాలని. నాకు దక్కిన పిల్లా, పొలమూ, మర్యాదా అన్నీ ఆ మోకుకు కట్టి ఉన్నవే. ఇప్పుడు కూలికి గుండప్పను పెట్టుకున్నాం. వాడికి చర్నాకోల తప్ప పాట తెలియదు. ఎద్దులు బూదోడూ కెంచోడూ వాడి మాట వినవు. నేను బావి గట్టున మంచం మీద పడుకుని చూస్తుంటే, దారిన పోయేవాళ్లు "ఇల్లరికపల్లుడు దొర అయిపోయినాడు" అంటున్నారు. వాళ్లు నవ్వుతూనే అంటారు. నాకే నవ్వు రావడం లేదు.

నీ ఇల్లాలు యశోదమ్మకు మా దీవెనలు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల తెచ్చిన గంజి రుచి మీ అక్క ఇంకా తలుచుకుంటుంది.

నీ బావ,
నరసింహప్ప


బెంగళూరు,
20 అక్టోబరు 1946

బావకు చిక్కన్న నమస్కారాలు.

జీను బాగా కుదిరినందుకు సంతోషం. కళ్లెం మా అక్క చేతిలో ఎప్పుడూ ఉన్నదే.

నీ ఉత్తరం ప్రెస్సులో మధ్యాహ్నం పూట చదివాను. అచ్చక్షరాలు కూర్చే చేతులు కపిల అన్న మాట దగ్గర ఆగిపోయాయి. తర్వాత కూర్చిన పేజీ అంతా తప్పులేనని మేనేజరు చీవాట్లు పెట్టాడు. తప్పు నాది కాదు, నీదని చెప్పలేకపోయాను.

బావా, ఇక్కడ కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. పాట రాదు. ఇంతకాలమైనా నాకు ఆ లోటు తీరలేదు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ మన బావే కనిపిస్తుంది. ఎద్దులు గట్టు మీద నుంచి పల్లానికి దిగడం మొదలుపెడతాయి, మోకు బిగుసుకుంటుంది, గిలక కీచుమంటుంది, అడుగునుంచి తోలుబాన నీళ్లు కారుతూ పైకి లేస్తుంది. అప్పుడు నాయన ఒక్క గెంతుతో మోకు మీద కూర్చునేవాడు, తన బరువు కూడా ఎద్దులకు సాయమవుతుందని. నన్ను ఒళ్లో పెట్టుకునేవాడు. పల్లం పొడుగునా అలా జారిపోతుంటే నాకు ఊరంతా ఊగినట్టుండేది. కింద దాకా పోయేసరికి పైన బాన తొట్టిలో నీళ్లు కుమ్మరించేది. మళ్లీ ఎద్దులను వెనక్కి నడిపించుకుంటూ గట్టు ఎక్కితే ఎదురుగా నిడుగల్లు కొండ, కొండ మీద కోట గోడలు.

దిగరా దిగరా బూదన్నా, దిగితే నీళ్లు మనవన్నా
ఎక్కర ఎక్కర కెంచన్నా, ఎక్కితే కొండ మనదన్నా

ఎద్దులు ఎన్ని మారినా నాయన వాటికి అవే పేర్లు పెట్టేవాడు, పాట మార్చడం ఇష్టం లేక. నువ్వూ అలాగే పెట్టావు, అందుకు నీకు దండం పెట్టాలి.

ఇంకొకటి గుర్తుందా? నీకు తెలిసే అవకాశం లేదులే, నువ్వు అప్పటికి రాలేదు. పొద్దు వాలాక నాయన తొట్టి పక్క బండ మీద బోర్లా పడుకుని, "నడుం తొక్కరా చిన్నోడా" అనేవాడు. నేను ఆయన వీపు మీద పిర్రల నుంచి భుజాల దాకా నడిచేవాణ్ని. పడబోతే ఆయన కింద నుంచి చెయ్యి అందించేవాడు. నాకొక ఆట ఉండాలని రోజంతా అలిసినవాడు కూడా అలా పడుకునేవాడు. అటువంటి తండ్రులు ఇప్పుడు ఎక్కడున్నారు?

ఆ కపిల పాట లేకుండా నడుస్తున్నదంటే నాకు మనసు ఒప్పడం లేదు. నాయన కూర్చున్న మోకు గుండప్ప పాలయిందంటే అసలే ఒప్పడం లేదు. డిసెంబరు రాగానే డాక్టరు గారి దగ్గరికి పోతాను. ఈలోగా ఉత్తరం అక్కకు చదివి వినిపించు. తను కూడా ఆ రోజులు తలుచుకుంటుంది.

నీ బావమరిది,
చిక్కన్న


నిడుగల్లు,
9 నవంబరు 1946

చిక్కన్నకు బావ దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. సగంలోనే లేచి లోపలికి పోయింది. బండ మీద నడుం తొక్కిన మాట దగ్గర. ఏమైందని అడిగితే రాగులు విసరాలంది. ఇంట్లో పిండి నిండుగా ఉంది.

నీ నాయన మోకు గుండప్ప పాలయిందని రాశావు. చదివాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నీకు బాధ ఉండదా, ఉంటుంది. కన్నకొడుకువి. ఇల్లరికం వచ్చినవాడు చేయవలసిన పని చేయలేక మంచమెక్కితే కొడుకు అడగకుండా ఎలా ఉంటాడు? నువ్వు మెత్తగా అడిగావు, అంతే తేడా. నీ మీద కోపం లేదు. నా నడుం మీదే కోపం.

ఇక్కడి విశేషాలు. వానలు ముందే వెనక్కి తగ్గాయి, చెనక్కాయ పీకడం అయింది, కాయ సన్నం. కపిల కింద ఉల్లి నాటాం. ఇప్పుడే నీళ్లు కావాలి. గుండప్ప మొన్న బూదోణ్ని వాత తేలేలా కొట్టాడు. నేను మంచం మీద నుంచి అరిస్తే, "నీ మాదిరి పదాలు పాడుకుంటా కూచుంటే ఉల్లిగడ్డ ఊరుతాదా అన్నా" అన్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. అందుకే ఇంకా మండింది.

చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు ఒకసారి గట్టు మీదికి పోయి మోకు పట్టుకుని నిలబడ్డాను. ఎక్కలేదు. మీ అక్క ఎక్కణ్నుంచి చూసిందో, వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

డాక్టరు గారి దగ్గరికి పోయినప్పుడు నా తరఫున గట్టిగా చెప్పు. ఉత్త నోటిమాట అనుమతి నాకు వద్దు, ఆయన అన్నది కాగితం మీద రాసి పంపు.

నీ బావ,
నరసింహప్ప


బెంగళూరు,
4 డిసెంబరు 1946

బావకు నమస్కారాలతో చిక్కన్న.

పండగలాంటి వార్త. అందుకే ముందే రాస్తున్నాను. పెద్ద డాక్టరు గారు ఒప్పుకున్నారు.

నిన్న సెలవు పెట్టి ఆసుపత్రికి పోయాను. ఆయన యుద్ధంలో సిపాయిలకు ఆపరేషన్లు చేసి వచ్చిన మనిషి కదా, నిలబడి మాట్లాడరు, నడుస్తూ మాట్లాడతారు. నీ పేరు చెప్తే గుర్తు రాలేదు. నిడుగల్లు అన్నా రాలేదు. వెన్ను ఆపరేషను మత్తులోంచి లేస్తూ పాట పాడినవాడు అనగానే వరండాలో ఆగిపోయారు. ఆ పాట ఏమిటని ఆ రోజే నర్సులను అడిగారట, వాళ్లకు తెలియలేదట.

నేను చెప్పాను బావా. నీకు రాసినట్టే చెప్పాను, ఇంకా బాగా చెప్పాను. పల్లం, మోకు, గాలి, ఎదురుగా కొండ, అన్నీ. పాట కూడా రెండు చరణాలు పాడి వినిపించాను. నర్సులు ఆగి విన్నారు. ఆయన అంతా విని అన్నది ఇది. కోత మానిన నడుముకు మంచమే శత్రువు. తను చూసినంతలో పనికి పోయినవాళ్లే బాగుపడ్డారు, భయపడి పడుకున్నవాళ్లే చెడ్డారు. పల్లం దిగడం ఎక్కడం మంచి నడక. కూర్చుని ఊగడానికి అభ్యంతరం లేదు. మొదట పూటలో కొంచెంసేపు, నొప్పి లేకపోతే మెల్లగా పెంచుకోవచ్చు. వంగి బరువులెత్తడం మాత్రం వచ్చే ఏడాది ఎండాకాలం దాకా కూడదు. ఇంకా నొప్పి తిరగబెడితే వెంటనే మానేయాలి.

పక్కన చిన్న డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆయన వేరే మనిషి. తనైతే ఇంకో మూడు నెలలు ఆపుతానన్నాడు. పెద్దాయన భుజాలెగరేశారు. చిన్నాయన నా వైపు తిరిగి, ఆ తాడు అదురుతుందా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఉయ్యాల అదురుతుందా సార్ అన్నాను. ఆయనా నవ్వి ఊరుకున్నాడు.

అక్క ఉత్తరం మధ్యలో లేచిపోయిందంటే నాయన గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుని ఉంటుంది. తనది మొదటినుంచీ అంతే, ఏడుపు ఎవరికీ చూపించదు. నువ్వు మళ్లీ మోకు ఎక్కి పాట ఎత్తుకున్న రోజు చూడు, తనే ముందు నవ్వుతుంది.

నాకు బాధ అనీ, నిన్ను అడిగాననీ ఏదేదో రాశావు. ఆ అడిగేదేమిటో నాకు తెలియలేదు. నా మోకు ప్రేమ నీ మీద ప్రేమే కదా.

నీ బావమరిది,
చిక్కన్న


నిడుగల్లు,
15 డిసెంబరు 1946

చిక్కన్నకు.

కాగితం చేరింది. గుండప్పకు చదివి వినిపించాను, పెద్దక్కకు చదివి వినిపించాను, బూదోడికి కూడా వినిపించాను. ఎల్లుండి మంగళవారం, వద్దు. బుధవారం ఎద్దులు కడుతున్నాను.

మీ అక్క నాతో మాట్లాడడం మానేసింది. జీను మాత్రం బిగిస్తుంది, ఇదివరకటికంటే గట్టిగా. డాక్టరు గారు అన్న మాట చెప్తే, "ఆయప్పకు చెప్పిందెవరు?" అని అడిగింది. మీ తమ్ముడే అన్నాను. కొడుకుకు నాయన కపిల కావాలి, నా మొగుడు ఏమైనా ఫరవాలేదు అని ఆమె లోపల అనుకుంటూ ఉండవచ్చు. నేను అలా అనుకోవడం లేదు. నువ్వు నా కోసమే పోయి వచ్చావు.

ఉల్లి మడులు ఎదురుచూస్తున్నాయి.

నీ బావ,
నరసింహప్ప


బెంగళూరు,
5 జనవరి 1947

బావకు చిక్కన్న.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కపిల ఎక్కినవాడికి ఉత్తరాలు రాసే తీరిక ఎక్కడుంటుందని యశోదమ్మ అంటుంది. నిజమే అయి ఉంటుంది. నాకు మాత్రం రోజూ పొద్దున ఈ వేళకు నువ్వు మోకు మీద ఉంటావని తలుచుకోవడం ఒక అలవాటయింది. చలి, పొగమంచు, కొండ కనిపించీ కనిపించకుండా, నీ గొంతు.

ప్రెస్సులో పని ఎక్కువ. రోజుకో సభ, సభకో కరపత్రం. తెల్లవాళ్లు పోతున్నారని అందరూ అంటున్నారు, పోయాక మన మహారాజు సంగతేమిటని వాదించుకుంటున్నారు. నేను అక్షరాలు కూర్చుతూ వింటూ ఉంటాను.

పాటలో మూడో చరణం నాకు పూర్తిగా గుర్తు రావడం లేదు. తొట్టి నిండింది, తోట నవ్వింది అని ఏదో ఉండాలి. అక్కను అడిగి రాయి. నాయన గొంతు తనకే బాగా జ్ఞాపకం.

అంతా బాగే అని ఒక్క కార్డు ముక్క వేసినా చాలు.

చిక్కన్న


నిడుగల్లు,
19 జనవరి 1947

చిక్కన్నకు బావ దీవెనలు.

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కొండెక్కితే క్షమించు. కంగారు పడకు. ముందే చెప్పాల్సింది, చెప్పడానికి మొహం చెల్లలేదు.

మొదటి రోజు ఎద్దుల వెంట నడిచాను, అంతే. హాయిగా ఉంది. పాట ఎత్తుకుంటే బూదోడు చెవులు నిక్కబొడుచుకున్నాడు. ఆ సంతోషంలో మరునాడు మోకు ఎక్కాను.

నిండిన బాన నీళ్లను వదిలి గాలిలోకి లేచేటప్పుడు మోకు ఒక్క గుంజు గుంజుతుంది. దాని మీద కూర్చున్నవాడికి పిర్రల నుంచి మెడ దాకా తెలుస్తుంది. పల్లం చివర బాన కుమ్మరించగానే బిగువు వదిలి మనిషిని నేలకు దించేస్తుంది. నాకిది కొత్త కాదు, పెళ్లయినప్పటి నుంచీ ఎరిగినదే. డాక్టరు గారికి కూడా నువ్వు చెప్పే ఉంటావనీ, అంతా తెలిసే ఒప్పుకున్నారనీ నమ్మాను. అంత చదివినాయన సరేనంటే నా నడుముకు నాకంటే ఆయనే ఎక్కువ తెలుసనుకున్నాను. నాలుగైదు మార్లు దిగేసరికి కాలు తిమ్మిరెక్కింది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకున్నాను, దారిన జనం చూస్తున్నారు కదా. మోకు దిగబోతే ఆ కాలు నాది కాదు. పల్లంలో కూలబడ్డాను.

జనం నన్ను ఎత్తి భుజాన వేసుకోబోయారు. గుండప్పే వాళ్లను ఆపి, ఇంటికి పరుగెత్తి మంచం తెచ్చి, మెల్లగా దాని మీదికి జరిపించాడు. వాడి గురించి నీకు రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పాట రాదన్నది మాత్రం ఉండనీ.

పాత మంట మళ్లీ వచ్చింది, మడమ దాకా కాదు, మోకాలి దాకా. పడుకుంటే తగ్గుతోంది. ఈ నాలుగైదు రోజులుగా బాగా తగ్గింది.

మీ అక్క మాట్లాడింది. నా మీద పడి తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మంచం పక్కన కూర్చుని నీ పాత ఉత్తరం మళ్లీ చదవమంది. చదివాను. విని, ఇలా అంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా చిక్కన్న యా పొద్దు కూచున్నాడు మోకు మింద? వాడు నాయన ఒళ్లో కూచున్నాడు. అదురంతా నాయన నడుం తినింది. వానికి ఉయ్యాల మిగిలింది."

నిన్ను తప్పుపట్టి అనలేదు చిక్కన్నా. కళ్లు తుడుచుకుంటూ అంది.

నా చింత ఒకటే. ఇక ఈ నడుం దేనికీ పనికిరాదేమో, నేను ఈ ఇంట్లో కూర్చుని తినేవాడినేనేమో. డాక్టరు గారిని అడుగు. ఈసారి ఆయన ఏం చెప్పినా సరే.

నీ బావ


బెంగళూరు,
28 జనవరి 1947

బావా, అక్కా, ఇద్దరికీ రాస్తున్నాను. బావా, దీన్ని అక్కకు మొదటి నుంచి చివరిదాకా చదువు. లేచిపోతే కూర్చోబెట్టు.

ఉత్తరం అందిన రోజు నేను ప్రెస్సుకు పోలేదు. ఊరి బయట కూరగాయల తోటల్లో ఇంకా కపిలలు ఉన్నాయి. ఒక తోట యజమానిని బతిమాలి మోకు ఎక్కాను. పిచ్చివాడనుకున్నాడు. ఎవరి ఒళ్లోనూ కాకుండా మోకు మీద కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

బాన లేచినప్పుడు వచ్చిన గుంజుకు నా పళ్లు టకటకలాడాయి. నాలుగు మార్లతో దిగిపోయాను. ఇంటికొచ్చి నేల మీద బోర్లా పడుకున్నాను, వేరే ఎలా పడుకున్నా ఓర్చుకోలేక. అలా పడుకున్నాకే నాకు తెలిసింది. నాయన బండ మీద అలాగే పడుకునేవాడు. ఆట కాదు. ఆయనకు నొప్పి. నేను ఆ నొప్పి మీద నవ్వుకుంటూ నడిచాను, ఆయన నవ్వుతూ చెయ్యి అందించాడు. చివరి రోజుల్లో నేల చూస్తూ నడిచేవాడు కదా అక్కా, వయసు మీద పడిందనుకున్నాం. నేను పట్నం పోతానంటే ఒక్కసారి కూడా వద్దనలేదు. ఎందుకు వద్దనలేదో అని ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకున్నాను.

డాక్టరు గారి దగ్గరికి మర్నాడే పోయాను. సార్, మీరు సలహా ఇచ్చింది మా బావ నడుముకు కాదు, నా చిన్నతనానికి అన్నాను. తోటలో చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను, ఈసారి పాట లేకుండా. చిన్న డాక్టరు కూడా ఉన్నాడు. "నేను ఆ రోజే అదురు గురించి అడిగాను" అని నన్ను ఒక్క మాట అనలేదు. అనవలసింది.

పెద్దాయన చెప్పింది, ఒక్కొక్కటిగా చదువు. నొప్పి మోకాలి దాకానే ఉండి తగ్గుతోందంటే మంచి గుర్తు. ఇంకో రెండు మూడు వారాలు పడుకోవాలి. ఆ తర్వాత లేచి నడవాలి, మళ్లీ మంచం పట్టకూడదు. కాలు పడిపోయినట్టయినా, ఒంటికి రెంటికి తెలియకపోయినా ఆలస్యం చేయకుండా తీసుకురావాలి. ఉగాది వేళకు ఎద్దుల వెంట నడవొచ్చు, దిగొచ్చు, ఎక్కొచ్చు. మోకు మాత్రం ఈ జన్మకు వద్దు. పని మానేయమనలేదు బావా. గట్టిగా అడిగాను. కూర్చుని తినమని నేను ఎవరికీ చెప్పను అన్నారు.

ఇంకో సంగతి. మోకు మీద మనిషి ఎందుకు కూర్చోవాలని ఆయన అడిగారు. బరువుకు అన్నాను, పెద్ద బానను రెండు ఎద్దులే లాగలేవు కాబట్టి. మరి బాన చిన్నదైతే అన్నారు. మన తాతల నాటి నుంచి ఎవరూ అడగని ప్రశ్న. చిన్న బాన అంటే చేతగానివాడి బాన అని ఊళ్లో నవ్వుతారు, అందుకని నీకు చెప్పడానికి కూడా సంకోచించాను. కానీ చెప్పకుండా దాస్తే మళ్లీ తప్పు చేసినవాణ్నవుతాను.

నువ్వు ఆ ఇంట్లో మోకుకు కట్టి లేవు బావా. మోకు తెగినా నువ్వు మా నాయన పెద్దకొడుకువే.

చిక్కన్న


నిడుగల్లు,
20 మార్చి 1947

చిరంజీవి చిక్కన్నకు, బావ నరసింహప్ప దీవెనలు.

ఇప్పుడు ఉభయకుశలోపరి అని ధైర్యంగా రాయొచ్చు. ముప్పావు నాది, మిగతా పావు ఎండాకాలానికి బాకీ.

చిన్న బాన అన్న మాట చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. చేతగానివాడి బాన. ఇల్లరికం వచ్చినవాడికి అంతకంటే తలవంపులు ఏముంటాయి? మూడో రోజు మీ అక్కే పోయి చెప్పులు కుట్టే ఎర్రప్పను వెంటబెట్టుకొచ్చింది. వాడు తోలు కొలిచి, "ఇది యా పిల్లోనికి అన్నా?" అని అడిగాడు. ముసిలోనికి అన్నాను. అంతటితో ఊరు నవ్వవలసిన నవ్వు నేనే ముందు నవ్వేశాను, వాళ్లకు పెద్దగా మిగల్లేదు.

నష్టం లేదని చెప్పను. ఉల్లి మడుల్లో కింది సగం ఎండబెట్టేశాం. ఈ బాన నీళ్లు అంతవరకు పారవు. గుండప్ప మడులకు నీళ్లు మళ్లిస్తూ మడవలు తిప్పుతున్నాడు. వాణ్నీ మోకు ఎక్కనివ్వడం లేదు. వాడు ఎంత మొరటు మనిషైనా నడుం అందరికీ ఒకటే. సాయంత్రాలు వాడు గోడకు వీపు రుద్దుకోవడం నేను ఇన్నాళ్లూ చూశాను, దురద అనుకున్నాను.

మొదటి రోజు ఎద్దులు కదలలేదు. పల్లం మొదట్లో నిలబడి వెనక్కి తిరిగి చూశాయి. మోకు మీద బరువు పడితే గాని దిగకూడదని వాటికి అలవాటు. గుండప్ప చర్నాకోల తీశాడు, వద్దన్నాను. వాటి పక్కన నిలబడి జీను సవరించుకుని పాట ఎత్తుకున్నాను. దిగరా దిగరా బూదన్నా. బూదోడు కాసేపు ఆలోచించాడు. దిగాడు. కెంచోడు వాడి వెంటే. మోకు ఖాళీగా ఊగుతూ పోయింది, చిన్న బాన లేచింది, తొట్టిలో నీళ్లు పడ్డాయి. చప్పుడు పాతదానికంటే చిన్నది. చిక్కన్నా, ఇన్నేళ్లలో పాటను నేను నిలబడి పాడడం అదే మొదటిసారి. మోకు మీద ఉన్నప్పుడు ప్రతి గుంజుకూ గొంతు తెగేది, అదీ పాటలో భాగమే అనుకునేవాణ్ని.

మూడో చరణం మీ అక్కకు గుర్తుంది.

తొట్టి నిండె చూడన్నా, తోట నవ్వె చూడన్నా
పొద్దు వాలె ఆగన్నా, ఒళ్లు వాలె ఆగన్నా

నీకు ఆ చివరి మాట గుర్తు లేకపోవడం వింత కాదు. అప్పటికి నువ్వు ఆయన ఒళ్లో నిద్రపోయేవాడివట.

నువ్వు వస్తే రా. కొండ అక్కడే ఉంది. మోకు మాత్రం ఎక్కనివ్వను, నీ నాయనంత ఒడి నాకు లేదు.

ఒకటి చెప్పి ముగిస్తాను. నేను పడ్డ రోజు నుంచి మీ అక్క బావి వైపు రాలేదు. నిన్న అంబలి తీసుకుని వచ్చింది. గట్టు మీద నిలబడి బాన దిగడం, లేవడం, మోకు మీద ఎవరూ లేకపోవడం చాలాసేపు చూసింది. తర్వాత తొట్టి పక్క బండ మీద కూర్చుని, దాన్ని చేత్తో నిమురుతూ, "నాయన ఉన్నప్పుడే ఈ చిన్న బాన కుట్టిచ్చుంటే బాగుండునే" అంది.

నీకు రాయమని తను చెప్పలేదు. నేనే రాస్తున్నాను.

నీ బావ,
నరసింహప్ప